ఫిడేలు నాయుడు గారి ఉద్యోగం

మా హాస్టల్లో చూపు సరిగా ఆనని తమ్ముడు ఒకడున్నాడు. స్టడీ అవర్లో పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని చదువుతాడు. కళ్ళు లాగేస్తుంటే మాలో ఎవరో ఒకరం పైకి చదివి వినిపిస్తాం. ఒక రాత్రి, చదువు సంగతి సరే, రేపు నాకు ఉద్యోగం ఎవరిస్తారని అడిగాడు. పడుకోబోతున్న వాళ్ళం లేచి కూర్చున్నాం గాని జవాబు చెప్పలేకపోయాం. వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని వార్డెన్ సారు అన్నప్పుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని ఎంచుకోవడానికి ఆ ప్రశ్నే కారణం.

నాయుడు గారు 1893 నవంబరు 8న, దీపావళి నాడు, బెంగుళూరులో పుట్టారు. తండ్రి సైన్యంలో అధికారి. పెరిగింది విశాఖపట్నంలో. చిన్నతనం నుంచే చూపు మందం. నల్లబల్ల కనబడక బడి చదువు సాగలేదు. ఆ అవస్థ మేం రోజూ చూస్తున్నదే. తెలివి లేక కాదు, చాక్‌పీసు గీత కంటికి అందక పిల్లవాడు వెనకబడతాడు, అందరూ మొద్దు అనుకుంటారు. అన్నగారు వెంకటకృష్ణయ్య గారు తమ్ముడికి ఫిడేలు నేర్పారు. ఆ విద్యకు నల్లబల్లతో పనిలేదు, చెవి ఉంటే చాలు. ఇక సాధనే సాధన.

1919లో విజయనగరం మహారాజా విజయరామ గజపతిరాజు గారు సంగీత కళాశాల పెట్టారు. సంస్థాన ఉద్యోగి ఒకరికి చూపులేని కొడుకు ఉండేవాడనీ, వాడికి సంగీతం నేర్పించాలన్న తండ్రి కోరికే ఆ కళాశాలకు మూలమనీ చెప్పుకుంటారు. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. నాయుడు గారు అక్కడికి విద్యార్థిగా చేరదామని వెళ్ళారట. వాయించమన్నారు, వాయించారు. విన్న పెద్దలు, ఈయనకు మనం నేర్పేదేముంది, ఈయనే మన పిల్లలకు నేర్పాలని నిర్ణయించారట. అలా 26 ఏళ్ళ వయసులో వయొలిన్ ఆచార్యులయ్యారు.

ఈ ఘట్టం దగ్గర మేం చాలాసేపు ఆగిపోయాం. వాళ్ళు ఆయన కంటిచూపు ఎంతని లెక్క కట్టలేదు. వాయించమన్నారు, అంతే. మా పాత విద్యార్థి అన్న ఒకరికి కాలు పోలియో. టైపింగు మాలో అందరికంటే వేగం. ఒక ఆఫీసులో సర్టిఫికెట్ చూసి, కాలు చూసి, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టకుండానే పంపించేశారు. చట్టం లేక కాదు. 1995 చట్టం ప్రభుత్వోద్యోగాల్లో వికలాంగులకు 3 శాతం ఇచ్చింది, 2016 చట్టం దాన్ని 4 శాతం చేసింది. నాయుడు గారి కాలంలో అదీ లేదు, మహారాజు మనసు మంచిది కాబట్టి సరిపోయింది. మాకు మాత్రం మహారాజు దయకంటే చట్టమే నయమనిపిస్తుంది. కాకపోతే చట్టాన్ని చేతిలో పెట్టుకున్నవాళ్ళు ముందు పని చేయించి చూడాలి.

దేవుడు కళ్ళు తీసుకుని సంగీతం ఇచ్చాడని కొందరు రాస్తారు. మాకు ఆ మాట నచ్చలేదు. ఏళ్ళ తరబడి తీగల మీద వేళ్ళు అరగదీసింది ఆయన.

1936లో ఆయనే ఆ కళాశాల ప్రిన్సిపాల్ అయ్యారు. నల్లబల్ల కనబడక బడి వదిలిన మనిషి కళాశాలకు పెద్ద! ఇది చదివి మా గదిలో చప్పట్లు కొట్టాం. అప్పట్లో కచేరీలో వయొలిన్ అంటే పాటగాడి పక్కన వాయించేదే. 1938లో వెల్లూరులో నాయుడు గారు ఒంటరిగా కచేరీ చేసి వయొలినే వినడానికి జనం వస్తారని చూపించారు. 1941లో సంగీత కళానిధి, 1953లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1957లో పద్మశ్రీ వచ్చాయి. ప్రపంచ ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ ఆయన వాద్యం విని మెచ్చుకున్నారు. 1952లో అంధుల సహాయనిధి కోసం ఢిల్లీలో వాయించారు. వారాలు, మధుకరంతో కడుపు నింపుకుంటూ ఘంటసాల గారు చదువుకున్నది ఈ కళాశాలలోనే. మన మెస్ పప్పు నీళ్ళలా ఉందని గొణిగే రోజున ఇది గుర్తుకొస్తే మంచిది.

నాయుడు గారు 1964 నవంబరు 25న కన్నుమూశారు. శతజయంతికి, 1993లో, తపాలా శాఖ ఆయన స్టాంపు విడుదల చేసింది.

ప్రెస్సుకు పంపే ముందు ఈ వ్యాసం తమ్ముడికి చదివి వినిపించాం. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, తెర మీది అక్షరాలు చదివి వినిపించే కంప్యూటర్ మీద సెలవుల్లో టైపింగు నేర్చుకుంటానని, మొదట్లో ఎవరైనా పక్కన కూర్చోవాలని అడిగాడు. వంతులు వేసుకున్నాం.