దోమల లెక్క కట్టిన వైద్యుడు: సర్ రోనాల్డ్ రాస్

బేగంపేట పాత విమానాశ్రయం సమీపంలో సర్ రోనాల్డ్ రాస్ పేరిట ఒక పురాతన భవనం ఉంది. 2008లో ప్రయాణికుల విమానాలు మన మైలార్‌దేవ్‌పల్లికి చేరువనున్న శంషాబాదుకు తరలివచ్చాయి. ఆ భవనం మాత్రం అక్కడే నిలిచి ఉంది. రాస్ మలేరియా రహస్యాన్ని కనుగొన్న వృత్తాంతం పాఠ్యపుస్తకాలలో చదివాం. ఆ పిదప ఆయన గణితంతో సాగించిన పోరాటాన్ని ఇక్కడ ముచ్చటించదలచాము.

రాస్ 1857 మే 13న అల్మోరాలో జన్మించారు. తండ్రి కోరికపై వైద్యవిద్య అభ్యసించి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించారు. కవిత్వం, గణితం ఆయనకు ప్రియమైన వ్యాసంగాలు. సికిందరాబాదులో హుస్సేన్ ఖాన్ అనే రోగిని దోమలచే కుట్టించుకొనుటకు ఒప్పించి, దోమకొక అణా చొప్పున ఇచ్చారు. 1897 ఆగస్టు 20న అట్టి దోమ నొకదానిని కోసి చూడగా, దాని జీర్ణకోశపు గోడలో మలేరియా క్రిమి కనిపించింది. 1902లో నోబెల్ బహుమతి లభించింది. ఆ కీర్తిలో హుస్సేన్ ఖాన్‌కూ భాగమున్నదని మనం మరువరాదు.

కారణం తెలిసినంత మాత్రాన జ్వరం తగ్గలేదు. లాహోరు వద్ద మియాన్‌మీర్ కంటోన్మెంటులో జరిగిన దోమల నిర్మూలన ప్రయత్నం విఫలమైనదని నిపుణులు తేల్చారు. దోమలన్నింటినీ చంపలేనప్పుడు వాటిపై ధనం వెచ్చించడం వృథా అన్న వాదం బలపడింది.

మారిషస్ దీవిని పరిశీలించి వచ్చిన రాస్, 1908 నాటి నివేదికలో దీనికి లెక్కతో సమాధానమిచ్చారు. జ్వరం వ్యాపించాలంటే దోమ రోగిని కుట్టాలి. తనలో క్రిమి పక్వమయ్యేవరకు బ్రతకాలి. మరల మరొకరిని కుట్టాలి. ఇన్ని గండాలు గడిచే దోమలు కొద్ది. కనుక దోమల సంఖ్య ఒక హద్దుకు దిగువకు వస్తే, కొత్తగా జ్వరం సోకేవారికంటె కోలుకునేవారే ఎక్కువై వ్యాధి క్రమంగా అంతరిస్తుంది. తాను అనుకొన్న సంఖ్యలను బట్టి ఆ హద్దు మనిషికి సుమారు 40 దోమలని ఆయన లెక్కించారు. ఊరిని బట్టి ఆ అంకె మారుతుంది, సూత్రం మారదు. చివరి దోమ వరకు ఖర్చు చేయనక్కరలేదు. అయితే హద్దు చేరకముందే చేతులు ముడిచితే, ఏటేటా ఖర్చు తప్పదు, జ్వరమూ తప్పదు.

రాస్ 1932 సెప్టెంబరు 16న లండనులో మరణించారు. 1950లలో జార్జ్ మక్డొనాల్డ్ ఆ లెక్కను పెంపొందించి, దోమల సంఖ్యను తగ్గించుటకంటె వాటి ఆయుష్షును తగ్గించుట మరింత ఫలప్రదమని చూపారు.

విద్యార్థి మిత్రులారా! బీదవాని పైసాను ఎక్కడ వెచ్చిస్తే ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయో చెప్పగలిగినది గణితమే. మన వీధిలోని నీటిగుంట నొకదానిని పూడ్చినా, ఆ హద్దుకు ఒక అడుగు దగ్గరైనట్లే.