మఖ్దూం మొహియుద్దీన్: మజ్దూర్ల మధ్య బతికిన షాయర్

పాత హిందీ పాటలు వినే ఇళ్లలో మఖ్దూం మొహియుద్దీన్ పేరు తెలియనివారు తక్కువ. 1964లో వచ్చిన 'చా చా చా', 1978లో వచ్చిన 'గమన్', 1982లో వచ్చిన 'బజార్' సినిమాల్లో ఆయన నజ్మ్‌లు, గజళ్లు పాటలయ్యాయి. చివరి రెండు సినిమాలు వచ్చేనాటికి ఆయన బతికి లేరు కూడా. హైదరాబాద్‌లో హిమాయత్‌నగర్ వైపు వెళ్లేవాళ్లకు మఖ్దూం భవన్ తెలుసు. ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహమూ తెలుసు. కానీ ఆయన జీవితంలో ఎక్కువ భాగం ముషాయిరాల్లో గడవలేదు. ఫ్యాక్టరీ గేట్ల దగ్గర, కార్మికుల బస్తీల్లో, అజ్ఞాతంలో, జైల్లో గడిచింది. ఈ సగం కథ ముస్లిం ఇళ్లలో పిల్లలకు చెప్పేవాళ్లు ఇప్పుడు చాలా తక్కువ.

మఖ్దూం 1908 ఫిబ్రవరి 4న మెదక్ జిల్లా ఆందోల్‌లో పుట్టారు. చిన్న వయసులోనే తండ్రి చనిపోయారు. చాచా బషీరుద్దీన్ పెంచారు. దీన్ ఉన్న ఇల్లు అది. నమాజు, ఖురాన్ చదువుతో పాటు మసీదు ఊడవడం, వుజూకి నీళ్లు నింపడం కూడా ఆ పిల్లాడి పనుల్లో భాగమే. ఆ ఇంట్లోనే రష్యా మాట కూడా ఆయన చెవిన పడింది. అక్కడ విప్లవం వచ్చిందని, ఇప్పుడు గొప్పోళ్లు, పేదోళ్లు ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తింటున్నారని చాచా చెప్పారట. మసీదు సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడటం తెలిసిన పిల్లాడికి, దస్తర్‌ఖాన్ మీద కూడా అలా కూర్చోవచ్చు అన్న మాట మనసులో నాటుకుపోయింది. పెద్దయ్యాక మార్క్స్‌ని, లెనిన్‌ని చదివారు. కానీ సమానత్వం అనే మాట ఆయనకు పుస్తకాల కన్నా ముందే ఇంట్లో దొరికింది.

పై చదువుకు హైదరాబాద్ వచ్చాక చాలా కష్టాలు పడ్డారు. ఉండటానికి చోటు లేక మసీదులో తలదాచుకున్న రోజులున్నాయి. ట్యూషన్లు చెప్పారు, బొమ్మలు అమ్మారు. ఉస్మానియా యూనివర్సిటీలో చేరాక స్నేహితుడి శాలువా మీద రాసిన ఒక సరదా నజ్మ్‌తో క్యాంపస్ అంతా పేరు వచ్చింది. నాటకాలు రాశారు, వేశారు. బెర్నార్డ్ షా నాటకం ఆధారంగా ఆయన రాసిన 'హోష్ కే నాఖూన్' అప్పట్లో బాగా ఆడింది. ఎంఏ అయ్యాక 1939లో సిటీ కాలేజీలో ఉర్దూ లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. నిజాం సర్కారులో నౌకరీ అంటే ఆ రోజుల్లో మామూలు మాట కాదు. నెలనెలా జీతం, సమాజంలో ఇజ్జత్. అయినా కొన్నేళ్లకే ఆ ఉద్యోగానికి రాజీనామా చేసి పూర్తికాలం పార్టీ పనిలోకి, కార్మిక సంఘాల పనిలోకి వెళ్లిపోయారు.

అప్పటి హైదరాబాద్ రాజ్యంలో పరిస్థితి ఏంటో తెలిస్తేనే ఈ నిర్ణయం బరువు అర్థమవుతుంది. ఉస్మాన్ అలీ ఖాన్ ప్రపంచంలోనే అత్యంత ధనవంతుల్లో ఒకరు. ఆయన సొంత భూములను సర్ఫ్-ఎ-ఖాస్ అనేవారు. వాటికి తోడు జాగీర్లు, దేశ్‌ముఖ్‌ల గడీలు. ఊళ్లలో వెట్టి చాకిరి. పొద్దున లేస్తే దొర ఇంటికి కూలి లేకుండా పని చేయాలి. పట్నంలో మిల్లులు, ఫ్యాక్టరీలు వచ్చాయి గానీ వాటిలో పనిచేసేవాళ్లకు గట్టిగా మాట్లాడే హక్కు లేదు. బహిరంగ సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. దీనికి గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఉండేది.

ఇలాంటి చోట యూనియన్ పెట్టడం అంటే ఏంటి? పని గంటలు లెక్క కట్టమని అడగడం. జీతం ఇంత అని కాగితం మీద రాయించడం. మేస్త్రీకి కోపం వచ్చిందని రేపటి నుంచి రావద్దు అంటే, ఎందుకు రావద్దో చెప్పమని పది మంది కలిసి నిలబడటం. ఒక్కడు అడిగితే పని పోతుంది, అందరూ అడిగితే ఫ్యాక్టరీ ఆగుతుంది. యూనియన్ బలమంతా ఈ లెక్కలోనే ఉంది. మఖ్దూం ఈ లెక్కను చార్మినార్ సిగరెట్ ఫ్యాక్టరీలో, బటన్ ఫ్యాక్టరీలో, షాబాద్ సిమెంట్ ఫ్యాక్టరీలో, నిజాం రైల్వేలో పనిచేసేవాళ్లకు వాళ్ల భాషలో చెప్పారు. డాక్టర్ రాజ్ బహదూర్ గౌర్ లాంటి సహచరులతో కలిసి 1946లో ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌ను నిలబెట్టారు. దానికి మఖ్దూం అధ్యక్షుడు. అందులో ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడ మాట్లాడే కార్మికులు ఉన్నారు. ఆయన పాటలు ఊరేగింపుల్లో పాడేవారు. అక్షరం రాని కూలీకి కూడా నోటికి వచ్చేవి. 1944లో వచ్చిన తొలి సంకలనం 'సుర్ఖ్ సవేరా'లో ప్రేమ కవితలూ ఉన్నాయి, పోరాట గీతాలూ ఉన్నాయి. రెండింటినీ వేరు చేయాలని ఆయన అనుకోలేదు.

1946 నుంచి నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో దొరల మీద రైతుల తిరుగుబాటు పెద్దదైంది. ఆ పోరాట చరిత్రలో ముస్లింల పేర్లు లేవని అనుకుంటే పొరపాటు. విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కోర్టుల్లో కొట్లాడి, ఆ దొర మనుషుల చేతిలోనే చనిపోయిన షేక్ బందగీ ఒక సాధారణ ముస్లిం రైతు. ఆయన పేరు ఇప్పటికీ జనగామ వైపు చెప్పుకుంటారు. 1947 సెప్టెంబర్ 11న సాయుధ పోరాటానికి పిలుపునిస్తూ వచ్చిన ప్రకటనలో ముగ్గురి పేర్లున్నాయి. రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్.

రాజు ముస్లిం. పోలీసు, ఫౌజు ఆయనవే. రజాకార్లు ఇస్లాం పేరు చెప్పుకుని తిరుగుతున్నారు. ఆ సమయంలో ఒక ముస్లిం షాయర్ నిజాంకు ఎదురు తిరగడం చిన్న సాహసం కాదు. 'ఇమ్రోజ్' పత్రిక ఎడిటర్ షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో రజాకార్లు చంపింది రాతల కోసమే. మఖ్దూం అజ్ఞాతంలోకి వెళ్లారు. ఇంటి మనుషులకు ఆయన ఉన్నారో లేరో తెలియని రోజులు గడిచాయి. ఆయన దృష్టిలో జాలిమ్‌కు మజహబ్ అడ్డం కాదు. దొర రెడ్డి అయినా, జాగీర్దార్ నవాబు అయినా కూలీకి జరిగేది ఒకటే.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయారు. తర్వాతి వారాల్లో ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో వేలాది మంది ముస్లింలు చనిపోయారు. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ ఈ విషయం రాసింది. ఆ రిపోర్టు దశాబ్దాల పాటు జనం ముందుకు రాలేదు. రజాకార్లు చేసినదానికి, వాళ్లతో ఏ సంబంధమూ లేని పేద ముస్లింలు శిక్ష అనుభవించారు. హైదరాబాద్ ముస్లింలంతా నిజాం మనుషులే అన్న ముద్ర అప్పుడు పడింది. ఆ మాట అబద్ధమని చెప్పడానికి మఖ్దూం జీవితం ఒక్కటి చాలు.

సైన్యం వచ్చినా కమ్యూనిస్టుల పోరాటం 1951 అక్టోబర్ దాకా సాగింది. మఖ్దూం 1951లో అరెస్టయ్యారు. జైల్లోనే 'ఖైద్' అనే నజ్మ్ రాశారు. 1952లో తొలి సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. రాష్ట్రంలో పార్టీ మీద నిషేధం ఉండటంతో కమ్యూనిస్టులు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి లోక్‌సభకు నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో గెలిచారు. మఖ్దూం మాత్రం హైదరాబాద్ నగరంలో నిలబడి ఓడిపోయారు. తన భాష, తన మజహబ్, తన గజళ్లు తెలిసిన పట్నం ఆయన్ను గెలిపించలేదు.

అదే ఏడాది నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్‌లో ఉప ఎన్నిక వచ్చింది. తెలుగు మాట్లాడే పల్లెలు. ముస్లింల ఓట్లు కొద్దిగానే ఉండే చోటు. నాలుగేళ్ల కిందటే మతం పేరుతో రక్తం పారిన రాష్ట్రం. అక్కడి రైతులు, కూలీలు ఈ ఉర్దూ షాయర్‌ను అసెంబ్లీకి పంపారు. ఆయన పేరు చూసి కాదు, తమ కోసం ఏం వదులుకున్నారో చూసి ఓటేశారు. మఖ్దూం జీవితంలో ఏ అవార్డు కన్నా ఇది పెద్దది.

ఆ తర్వాత ప్రపంచ ట్రేడ్ యూనియన్ల సమాఖ్య పని మీద కొంతకాలం వియన్నాలో ఉన్నారు. సోవియట్ యూనియన్, చైనా చూశారు. తిరిగొచ్చాక ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో ప్రతిపక్ష నేతగా పనిచేశారు. 1964లో పార్టీ రెండుగా చీలినప్పుడు సీపీఐలోనే ఉండిపోయారు. కాంగోలో లుముంబాను చంపినప్పుడు ఒక నజ్మ్, అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపినప్పుడు మరో నజ్మ్ రాశారు. ఎక్కడి మజ్లూం అయినా ఆయనకు తన మనిషే. 1961లో 'గుల్-ఎ-తర్', 1966లో 'బిసాత్-ఎ-రఖ్స్' వచ్చాయి. రెండో పుస్తకానికి 1969 సాహిత్య అకాడమీ అవార్డు దక్కింది.

ఆ 1969లోనే ఆగస్టు 25న ఢిల్లీలో గుండెపోటుతో చనిపోయారు. వయసు 61. జనాజా హైదరాబాద్ చేరింది. దర్గా షా ఖామోష్ ఖబ్రస్తాన్‌లో దఫన్ చేశారు. పాకిస్తాన్‌లోని ఫైజ్ అహ్మద్ ఫైజ్, ఆయన గజల్ వరసలోనే మరో గజల్ రాసి ఆయన్ను గుర్తు చేసుకున్నారు.

కమ్యూనిజంతో ఒప్పుకోని ముస్లింలు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అది వాళ్ల ఇష్టం. కానీ ఆయన అడిగిన ప్రశ్నలు పార్టీ జెండాతో పోయేవి కావు. చెమట ఆరకముందే కూలి ఇచ్చేయాలని దీన్ చెబుతుంది. మరి ఇవ్వని మాలిక్ దగ్గర ఆ కూలి ఎవరు అడగాలి, ఎలా అడగాలి? లాడ్ బజార్ గాజుల బట్టీల్లో, నిజామాబాద్ బీడీ ఖార్ఖానాల్లో, ఫోన్‌లో ఆర్డర్ చూసుకుని బండి మీద పరుగెత్తే కుర్రాళ్లలో ముస్లిం పిల్లలు తక్కువేం లేరు. ఒక్కడు అడిగితే పని పోతుందన్న భయం వాళ్లకూ ఉంది. మఖ్దూం గజల్ వాళ్ల ఫోన్లలో ఉండే ఉంటుంది. సిటీ కాలేజీ నౌకరీ వదిలేసి ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆయన చెప్పిన లెక్క కూడా వాళ్లకు అందాలి.