గురజాడ ఎప్పుడు, ఎవరి సలహా తీసుకున్నారు?

1883లో విజయనగరంలో ఎఫ్‌.ఏ. చదువుతున్న ఇరవయ్యొక్కేళ్ల యువకుడు ఇంగ్లీషులో ఒక కథాకావ్యం రాశారు. దాని పేరు సారంగధర. విజయనగరం నుంచి వెలువడే ఇండియన్ లీజర్ అవర్ పత్రికలో అది అచ్చయింది. ఆ పత్రిక సంపాదకులు గుండుకుర్తి వెంకటరమణయ్య ఆ యువకుణ్ణి ఎంతో ప్రోత్సహించారు. కావ్యం అక్కడితో ఆగలేదు. కలకత్తా చేరింది. రైస్ అండ్ రయ్యత్ అనే వారపత్రికను నడుపుతున్న శంభుచంద్ర ముఖర్జీ దానిని తమ పత్రికలో పునర్ముద్రించారు. మెచ్చుకున్నారు కూడా. అయితే మెచ్చుకోలుతో పాటు మరొక మాట చెప్పారు. ఎంత ప్రతిభ ఉన్నా ఇంగ్లీషు పరభాషేననీ, మాతృభాషలో రాస్తేనే ఆ ప్రతిభ పూర్తిగా వెలుగు చూస్తుందనీ ఆ సలహా సారాంశం.

ఆ యువకుడు గురజాడ వెంకట అప్పారావు. తెలుగు రాని ఒక బెంగాలీ సంపాదకుడు ఇచ్చిన ఆ సలహా ఫలితం కన్యాశుల్కం దాకా సాగింది.

పుస్తకం రాయడం నేర్పే సంస్థలు, రాతప్రతిని రుసుము తీసుకుని దిద్దిపెట్టే నిపుణులు నేడు పెద్ద నగరాలన్నింటా ఉన్నారు. గురజాడ కాలంలో ఆ వృత్తి లేదు. ఆ పని పత్రికా సంపాదకులు చేసేవారు, సంస్థానాధీశులు చేసేవారు, సహాధ్యాయులు చేసేవారు. పనిని జీతమిచ్చి చేయించుకున్నవారూ లేకపోలేదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడప బంగళాలో సొంత డబ్బుతో పండితులను నియమించి తెలుగు తాళపత్రాలను పరిష్కరింపజేశారు, అందుకోసం అప్పుల పాలయ్యారు. గురజాడకు అంత స్తోమత ఎన్నడూ లేదు. ఆయన చేయగలిగింది ఒక్కటే: ఎవరి మాట ఏ సమయంలో వినాలో ఎంచుకోవడం. ఆయన జీవితాన్ని ఈ కోణం నుంచి చూస్తే తెలిసిన సంగతులే కొత్తగా కనిపిస్తాయి.

గురజాడ 1862 సెప్టెంబరు 21న విశాఖపట్నం జిల్లా రాయవరంలో, మేనమామల ఇంట జన్మించారు. తండ్రి వెంకట రామదాసు విజయనగరం సంస్థానంలో ఉద్యోగి. తల్లి కౌసల్యమ్మ. తొలి చదువు చీపురుపల్లిలో సాగింది. తండ్రి మరణంతో కుటుంబం ఆసరా కోల్పోయింది. అప్పుడు విజయనగరం మహారాజా కళాశాల ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి ఆ విద్యార్థికి తమ ఇంట భోజనం, వసతి కల్పించారు. 1882లో మెట్రిక్యులేషన్, 1884లో ఎఫ్‌.ఏ. పూర్తయ్యాయి. అదే ఏడాది మహారాజా ఉన్నత పాఠశాలలో ఇరవయ్యైదు రూపాయల జీతానికి ఉపాధ్యాయుడిగా చేరారు. 1886లో బి.ఏ. పట్టా వచ్చింది. కొద్దికాలం గుమాస్తాగిరీ చేసి, 1887లో కళాశాలలోనే అధ్యాపకులయ్యారు. అప్పటికి జీతం నూరు రూపాయలు.

ఈ వివరాల్లో గమనించవలసిన విషయం ఒకటుంది. ఇంగ్లీషులో రాస్తే ఆ రోజుల్లో గౌరవం దొరికేది. తమ్ముడు శ్యామలరావు కూడా ఇంగ్లీషులోనే కవిత్వం రాసేవారు. కలకత్తా పత్రికలో అచ్చుపడిన కవికి ఆ దారి వదులుకోవడం సులభం కాదు. శంభుచంద్రుని సలహా విన్న మర్నాడే గురజాడ తెలుగు రచయితగా మారిపోయారనుకోవడం కూడా పొరపాటే. చివరిదాకా దినచర్య ఇంగ్లీషులోనే రాసుకున్నారు. ఉత్తరాలు చాలావరకు ఇంగ్లీషులోనే రాశారు. తన నాటకానికి పీఠికను సైతం ఇంగ్లీషులోనే రాశారు. పండిత సంభాషణకు ఆ భాష, జనం ముందు నిలిచే సృజనకు తెలుగు అని ఆయన పని విభజించుకున్నారు.

ఆ సలహా వచ్చిన సమయం కూడా ముఖ్యమే. ఏదైనా రాయాలని ఉంది, ఏం రాయమంటారని గురజాడ శంభుచంద్రుణ్ణి అడగలేదు. కావ్యం పూర్తయింది, అచ్చయింది, చదివినవారున్నారు. ఏదో ఒకటి కళ్లముందు ఉన్నప్పుడే సంపాదకుడు దాని బలాన్నీ లోపాన్నీ చూపగలడు. కలకత్తా సంపాదకుడు చెప్పింది పద్యపాదాల దిద్దుబాటు గురించి కాదు. రచయిత తనకు తానుగా చూసుకోలేని సంగతి చెప్పారు. ఇంగ్లీషులో నైపుణ్యం సంపాదించినవాడికి ఆ నైపుణ్యమే అడ్డు తెరగా మారుతుంది. తెర వెనుక ఉన్నదాన్ని బయటివాడే చూపాలి.

ఝార్ఖండ్‌లోని తెలుగువారికి ఈ ఘట్టం దూరపు కథ కాదు. జంషెడ్‌పూర్‌లోని భాలుబాసా వంటి బస్తీల్లో ఉన్న తెలుగు కుటుంబాల్లో అనేకం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు కర్మాగారం పనికి వచ్చినవారి సంతతి. టాటా సంస్థ 1907లో ఏర్పడింది. సాక్చీలో తొలి ఉక్కు 1912లో తయారైంది. ఈ రెండింటి నడుమ, 1909లో, కన్యాశుల్కం రెండవ కూర్పు వెలువడింది. ఆ నాటకంలో వినిపించే పలుకుబడి ఆ వలస కుటుంబాలు వెంట తెచ్చుకున్న పలుకుబడికి ఎంతో దగ్గరిది. బడిలో హిందీ, ఇంగ్లీషు చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడే తరం అక్కడ తాతల కథ రాయాలని కూర్చుంటే మొదట ఎదురయ్యే ప్రశ్న ఏ భాషలో రాయాలనేదే. 1883లో విజయనగరంలో గురజాడ ముందు నిలిచిన ప్రశ్న కూడా అదే.

నాటకం విషయానికి వస్తే, దాని పుట్టుకలో విజయనగరం మహారాజు ఆనంద గజపతి పాత్ర పెద్దది. డబ్బు పుచ్చుకుని పసిపిల్లలను ముసలివారికి కట్టబెట్టే ఆచారంపై వివరాలు సేకరించమని ఆయన ఆదేశించారు. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో అటువంటి వివాహాలు 1034 జరిగినట్టు లెక్క తేలింది. ఆ లెక్కను గురజాడ తన పీఠికలో పొందుపరిచారు. సంఘ సంస్కరణకు తోడ్పడడం, తెలుగు భాష రంగస్థలానికి పనికిరాదన్న అపోహను పోగొట్టడం, ఈ రెండూ తన ఉద్దేశాలని అక్కడే తెలిపారు. అంటే మహారాజు ఆయనకు ఇచ్చింది పోషణ ఒక్కటే కాదు, సమాచారం కూడా. పుస్తకానికి కావలసిన సహాయాల్లో ఇది ఒకటి. శైలి నేర్పేవాడు దీన్ని ఇవ్వలేడు.

1892 ఆగస్టు 13న విజయనగరంలో జగన్నాథ విలాసినీ నాటక సభ వారు కన్యాశుల్కం ప్రదర్శించారు. ఆ ఏడాది గురజాడకు సంతోషమూ దుఃఖమూ కలిసే వచ్చాయి. మద్రాసులో న్యాయశాస్త్రం చదువుతున్న శ్యామలరావు ఆ సంవత్సరమే కన్నుమూశారు. నాటకం అచ్చు రూపంలో వెలువడింది మాత్రం 1897లో. నడుమ దాదాపు అయిదేళ్ల కాలం. అచ్చుకంటే ముందు ప్రదర్శన జరగడం వల్ల గురజాడకు మరొక పరీక్ష దొరికింది. ఎక్కడ ప్రేక్షకుడు నవ్వాడు, ఎక్కడ కదిలాడు, ఎక్కడ విసుగుపడ్డాడు అన్నది ఏ పండితుడూ అంత కచ్చితంగా చెప్పలేడు. నాటకం ఆనంద గజపతికి అంకితమైంది. అదే ఏడాది మహారాజు మరణించారు.

అక్కడితో ఆ పుస్తకం పని ముగిసిందనే ఎవరైనా భావించేవారు. గురజాడ అలా భావించలేదు. ప్రతులు చెల్లిపోయాక మళ్లీ ముద్రించమని మిత్రులు ఒత్తిడి చేసినప్పుడు పాత ప్రతిని అలాగే అచ్చుకు ఇవ్వలేదు. తిరగరాశారు. అయిదు అంకాల నాటకం ఏడు అంకాలయింది. మధురవాణి పాత్రకు కొత్త ప్రాణం వచ్చింది. మనుషులు తమ కులాన్ని, చదువును, వయసును బట్టి వేర్వేరుగా మాట్లాడడం మరింత స్పష్టమైంది. తొలి ప్రదర్శనకూ రెండవ కూర్పుకూ మధ్య పదిహేడేళ్లు గడిచాయి. నేటి పాఠకుడు కన్యాశుల్కం అంటున్నది ఈ రెండవ కూర్పునే. మొదటి కూర్పే మిగిలి ఉంటే గురజాడ తెలుగు నాటక చరిత్రలో ఒక పేరుగా ఉండేవారు, అంతకు మించి కాదేమో.

ఆ పదిహేడేళ్లలో ఆయన పక్కన నిలిచిన వ్యక్తి గిడుగు వెంకట రామమూర్తి. ఇద్దరూ విజయనగరంలో కలిసి చదువుకున్నారు. గిడుగు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులయ్యారు. సవరల భాష నేర్చుకోవాలనుకున్నప్పుడు ఆయన పుస్తకాల కోసం ఎదురు చూడలేదు. సవర భాష మాట్లాడే మనిషినే ఇంట ఉంచుకుని అతని దగ్గర నేర్చుకున్నారు. ఆ భాషను గురించి ఆయన రాసిన గ్రంథాలు 1931లోనూ 1938లోనూ వెలువడ్డాయి. ఎవరు ఏ విషయంలో నిపుణులో గుర్తించడమే ఇక్కడ అసలు సంగతి. సవర భాషకు నిపుణుడు సవరవాడే, విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాదు.

విద్యాశాఖ అధికారి జె.ఎ. యేట్స్, విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ఈ ఇద్దరితో చేతులు కలిపారు. బడి పుస్తకాల తెలుగుకూ, బడి బయట మనుషులు మాట్లాడే తెలుగుకూ ఉన్న ఎడం గురించి చర్చ మొదలైంది. గిడుగు శాస్త్రం సమకూర్చారు, గురజాడ ఉదాహరణ సమకూర్చారు. ఒకరి పని మరొకరికి బలమైంది.

సలహా తీసుకోవడంతో పాటు తోసిపుచ్చడం కూడా గురజాడకు తెలుసు. వాడుక భాషలో రాయడం గ్రామ్యమని, పరవస్తు చిన్నయ సూరి బాలవ్యాకరణం చూపిన దారిలో రాయాలని పండితులు గట్టిగా పట్టుబట్టారు. వారు చిన్నవారేమీ కాదు. జయంతి రామయ్య పంతులు వంటి విద్వాంసులు ఆ పక్షాన నిలిచారు. వ్యాకరణంలో వారి అధికారాన్ని గురజాడ ప్రశ్నించలేదు. కానీ గిరీశం ఎలా మాట్లాడాలన్నది వ్యాకరణం తేల్చే విషయం కాదు. వీధిలో మాటను చెవితో పట్టుకున్నవాడే దానికి నిపుణుడు, ఆ చెవి ఆయనకే ఉంది. అందువల్ల ఆ విషయంలో ఎవరి దిద్దుబాటునూ అంగీకరించలేదు. మద్రాసు విశ్వవిద్యాలయం పాఠ్యసంఘంలో 1911లో సభ్యులైన ఆయన, వ్యాసరచనకు ఏ తెలుగు ఉండాలన్న వివాదంలో 1914లో తన అసమ్మతిని విడిగా రాసి సమర్పించారు. కేవలం అభిమానంతో వాదించలేదు. సంస్థానంలో శాసన పరిశోధకుడిగా పనిచేసిన అనుభవం అక్కడ ఆయనకు అక్కరకు వచ్చింది. ఆ పత్రం ఆనాడు నెగ్గలేదు. గ్రాంథిక వాదులే గెలిచారు.

1910 ఆయన రచనా జీవితంలో నిండైన సంవత్సరం. ఆంధ్రభారతి పత్రికలో దిద్దుబాటు కథ వచ్చింది. ముత్యాల సరాలు వచ్చాయి. దేశభక్తి గీతం రాశారు. ముత్యాల సరం అన్న ఛందస్సును ఆయనే రూపొందించారు. అప్పటికి వయసు నలభై ఎనిమిది. ఆరోగ్యం ఏమంత బాగా లేదు.

మిగిలిన కథ కొంత బాధాకరం. ఆనంద గజపతి మరణం తర్వాత గురజాడ ఆయన సోదరి, రీవా మహారాణి అప్పల కొండమాంబకు ఆంతరంగిక కార్యదర్శి అయ్యారు. సంస్థాన వారసత్వ దావా ఆయన సమయాన్ని ఏళ్ల తరబడి మింగేసింది. దస్తావేజులు, వకీళ్లు, మద్రాసు ప్రయాణాలు. కొండుభట్టీయం, బిల్హణీయం అనే నాటకాలు ప్రారంభించారు, రెండూ పూర్తికాలేదు. కళింగ చరిత్ర రాయాలన్న ఆలోచన కూడా కొలిక్కి రాలేదు. ఆయనకు లోపించింది మార్గదర్శనం కాదు. అప్పటికి ఆయనే ఇతరులకు మార్గదర్శకుడు. ఒంగోలు మునిసుబ్రహ్మణ్యానికి రాసిన ఉత్తరాల్లో సాహిత్యాన్ని గురించి, భాషను గురించి ఎంతో ఓపికగా చర్చించారు. శంభుచంద్ర ముఖర్జీ నుంచి తాను అందుకున్నదాన్ని ఆయన ఆ రకంగా మరొకరికి అందించారు. లోపించినవి తీరిక, ఆరోగ్యం. వాటిని ఏ గురువూ సమకూర్చలేడు.

గురజాడ 1913లో ఉద్యోగ విరమణ చేశారు. 1915 నవంబరు 30న విజయనగరంలో మరణించారు. అప్పటికి యాభై మూడేళ్లు. ఇంగ్లీషులో మిగిలిన దినచర్యలు, లేఖలు చాలాకాలం పాఠకులకు అందలేదు. దశాబ్దాల తర్వాత అవసరాల సూర్యారావు వాటిని తెలుగులోకి తెచ్చి, విశాలాంధ్ర ప్రచురణలుగా వెలువరించడంలో ముఖ్య పాత్ర వహించారు. విజయనగరంలో ఆయన నివసించిన ఇల్లు ఇప్పుడు స్మారక మందిరంగా ఉంది.