లెనిన్‌తో విభేదించి, సొంత పార్టీని రద్దు చేసిన ఎం.ఎన్. రాయ్

విప్లవం జయించాక అధికారం ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్నకు మానవేంద్రనాథ్ రాయ్ తన జీవితంలో రెండు సమాధానాలు చెప్పారు. మొదటిది లెనిన్ ఎదుట, రెండవది తన సొంత పార్టీ ఎదుట.

1887లో బెంగాల్‌లో జన్మించిన ఆయన అసలు పేరు నరేంద్రనాథ్ భట్టాచార్య. జర్మన్ ఆయుధాల కోసం 1915లో దేశం విడిచారు. ఆయుధాలు దక్కలేదు. అమెరికాలో పేరు మార్చుకున్నారు, మెక్సికోలో మార్క్సిస్టు అయ్యారు.

1920లో జరిగిన కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ రెండవ మహాసభలో, వలస దేశాల బూర్జువా జాతీయోద్యమాలను కమ్యూనిస్టులు బలపరచాలని లెనిన్ ప్రతిపాదించారు. ఆ వర్గం సామ్రాజ్యవాదంతో రాజీ పడక తప్పదని, కార్మిక కర్షక పోరాటమే ఆధారం కావాలని రాయ్ వాదించారు. సవరణల అనంతరం ఇద్దరి పత్రాలనూ మహాసభ ఆమోదించింది. ఆ అక్టోబరులోనే తాష్కెంట్‌లో భారత కమ్యూనిస్టు పార్టీ ఏర్పాటులో ఆయన ప్రధాన పాత్ర వహించారు. (పార్టీ పుట్టిన సంవత్సరం ఇదేనని సి.పి.ఎం., కాదు 1925 అని సి.పి.ఐ. చెబుతాయి.)

1927లో ఇంటర్నేషనల్ ప్రతినిధిగా చైనా వెళ్లారు. భూవిప్లవం సాగించి, కార్మిక కర్షకులతో ప్రత్యేక సైన్యం నిర్మించాలన్న స్టాలిన్ రహస్య టెలిగ్రామును మిత్రపక్షమైన కుయొమిన్‌టాంగ్ వామపక్ష నేత వాంగ్ జింగ్‌వెయ్‌కే చూపించారు. నమ్మకం చూరగొనాలన్నది ఉద్దేశం కావచ్చు; వాంగ్‌కు అది తెగదెంపులకు సాకుగా అందివచ్చింది. 1929లో ఇంటర్నేషనల్ రాయ్‌ను బహిష్కరించింది.

రహస్యంగా స్వదేశం చేరిన ఆయన 1931లో బొంబాయిలో అరెస్టయి, 1936 వరకు జైలులో గడిపారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫాసిజమే ప్రధాన శత్రువని బ్రిటన్ యుద్ధ ప్రయత్నాన్ని సమర్థించి, కాంగ్రెస్‌కు దూరమై, 1940లో రాడికల్ డెమోక్రటిక్ పార్టీని నెలకొల్పారు. ఆంధ్రలో త్రిపురనేని గోపీచంద్, ఆవుల గోపాలకృష్ణమూర్తి వంటివారు ఆయన వెంట నడిచారు.

1944లో ఆయన రూపొందించిన రాజ్యాంగ ముసాయిదాలో రెండవ సమాధానం ఉంది. గ్రామాల్లో, పట్టణాల్లో ప్రజాసమితులే రాజ్యానికి పునాది. ఎన్నుకున్న ప్రతినిధిని వెనక్కి పిలిచే హక్కు ప్రజలది. శ్రామికవర్గం పేరిట పార్టీ చేజిక్కించుకునే అధికారం చివరకు పార్టీ వద్దే మిగిలిపోతుందన్న నిర్ణయానికి ఆయన క్రమంగా వచ్చారు. అందుకే 1948లో తన పార్టీనే రద్దు చేయించారు. 1946 ఎన్నికలలో ఘోర పరాజయం పొందిన పార్టీకి అది పెద్ద త్యాగమేమీ కాదని విమర్శకులన్నారు. అందులో కొంత నిజం ఉన్నా, ఆ పని చేసిన నాయకులు మనకు అరుదు.

1954 జనవరి 25న డెహ్రాడూన్‌లో రాయ్ కన్నుమూశారు. రాస్తూ ఉండిన స్వీయచరిత్ర 1923తోనే ఆగిపోయింది. చైనా ఘట్టం అందులో లేదు.