కొండల అవ్వ ఎవలిన్ బ్రాండ్

మన ధర్మపురి జిల్లాలోని చిత్తేరి కొండలను ఎరుగనివారు మనలో అరుదు. ఆ కొండలను ఒక ఆంగ్ల వనిత తన జీవిత సంకల్పములో చేర్చుకొన్నదన్న సంగతి మాత్రము కొందరికే తెలియును. ఆమె ఎవలిన్ బ్రాండ్.

1879లో లండనునందు సంపన్న కుటుంబమున జన్మించి, చిత్రకళ నభ్యసించిన ఎవలిన్, క్రైస్తవ సేవకై మద్రాసు చేరినది. 1913లో జెస్సీ బ్రాండును వివాహమాడి, నేటి నామక్కల్ జిల్లాలోని కొల్లిమలపై కాపురము పెట్టినది. కొండ యెక్కుటకు ఆనాడు డోలీయో, కాలినడకయో తప్ప వేరు సాధనము లేదు. అచటివారు మలయాళి గిరిజనులు. పేరు చూచి కేరళీయులని భ్రమింపరాదు, వారి భాష తమిళమే. మలేరియా, నారికురుపు వారిని పీడించుచుండెను. జెస్సీ ఆ పురుగును పుల్లకు చుట్టి ఓపికతో వెలికి తీసెడివాడు. మంచినీటికి కట్టుబావుల నేర్పరచెను.

ఏండ్లు గడచినను వారి మతమును ఒక్కరును స్వీకరింపలేదు. స్థానిక పూజారి గట్టిగా ఎదిరించెను. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన దినములలో విషజ్వరము వ్యాపింపగా ఆ పూజారియు మంచమెక్కెను. దంపతులు గంజి పట్టుకొని అతని యింటికి వెళ్ళిరి. మరణించుచు అతడు తన పసికూతురును వారికే అప్పగించెను. ఎన్ని బోధలకును కదలని కొండవారి మనసు ఆ బిడ్డను పెంచుట చూచి కదలినది.

1923లో చదువుకై తమ కుమారుడు పాల్‌ను, కుమార్తెను ఇంగ్లండులో విడిచి వచ్చిరి. 1929లో జెస్సీ జ్వరముతో 44వ యేట మరణించెను. ఆ వార్త ముందు చేరినది. అతడు వ్రాసిన ఉత్తరములు ఓడలలో తరువాత చేరుచుండెను. తండ్రిని ఆరేండ్లుగా చూడని బాలుని ఆ లోటును ఏ సేవయు పూడ్చజాలదని మాకు తోచును.

సంస్థవారు ఎవలిన్‌ను మైదానమునకు మార్చిరి. 1947 ప్రాంతమున, దాదాపు డెబ్బదియేండ్ల వయసున ఉద్యోగ విరమణ కాగానే, ఆమె ఎవరి అనుమతియు కోరక మరల కొండయెక్కినది. కొల్లి, పచ్చమల, కల్రాయన్, పెరియమల, చిత్తేరి: ఈ ఐదు శ్రేణులకును సేవ నందింపవలెనన్నది భర్తతో కలిసి చేసికొన్న నిర్ణయము. తుంటి విరిగిన పిదప రెండు వెదురు కర్రలతోను, గుఱ్ఱముపైనను గ్రామములు తిరిగినది. వెల్లూరులో కుష్ఠురోగులకు శస్త్రచికిత్సలు చేసి ప్రసిద్ధికెక్కిన పాల్ దిగి రమ్మని బ్రతిమాలినను వినలేదు. ముఖపు ముడుతలు చూడనేల యని ఇంటి అద్దమును తీసివైచినది.

1974 డిసెంబరు 18న, 95వ యేట ఆమె కన్నుమూసినది. కొల్లిమలపై, భర్త సమాధి ప్రక్కనే ఆమెను ఖననము చేసిరి.