కత్తెరతో సినిమా తీసిన లోటె రైనిగర్



టీవీల బొమ్మల సినిమా వస్తే మనమందరం కదలకుండ కూర్చుంటం. బొమ్మ నడుస్తది, ఎగురుతది, ఏడుస్తది. కాని బొమ్మకు ప్రాణం లేదు కదా, అది ఎట్ల కదిలింది? ఈ విద్యలో పేరు పొందిన ఒక గొప్ప స్త్రీ లోటె రైనిగర్. ఆమె ముఖ్యమైన పనిముట్టు ఒక కత్తెర. ఆమె జీవిత చరిత్రను, బొమ్మ కదిలే రహస్యాన్ని ఈసారి మన గోడ పత్రికలో రాస్తున్నాను.

బాల్యం

లోటె రైనిగర్ 1899 జూన్ 2న జర్మనీ దేశంలోని బెర్లిన్ నగరంలో జన్మించింది. చిన్నప్పటి నుంచి ఆమెకు నల్ల కాగితం కత్తిరించుట అంటే చాలా ఇష్టం. మనుషులు, జంతువులు, చెట్లు అన్నీ కత్తెరతోనే చేసేది. ఇంట్లనే నీడల ఆటకు చిన్న రంగస్థలం కట్టుకొని ఇంటివాళ్లకు, స్నేహితులకు ఆట చూపించేది.

1915లో పౌల్ వెగెనర్ అనే నటుడు సినిమాల్లో చేయగల వింతల గురించి ఒక ఉపన్యాసం ఇచ్చిండు. అది విన్నప్పటి నుంచి లోటె మనసు సినిమా మీదికి పోయింది. తర్వాత ఆమె మాక్స్ రైన్‌హార్ట్ నాటక పాఠశాలలో చేరింది. అక్కడ నటుల రూపాలను నల్ల కాగితంలో అచ్చు వాళ్లలాగే కత్తిరించేది. అట్ల ఆమె చేతి నేర్పు వెగెనర్ కంటపడ్డది.

1918లో వెగెనర్ ఒక సినిమా తీసిండు. పిల్లనగ్రోవి ఊదేవాని వెంట ఊరిలోని ఎలుకలన్నీ పోయే కథ అది. నిజం ఎలుకలు చెప్పినట్టు వింటయా? వినలేదు. అప్పుడు కర్ర ఎలుకలను చేయించి, వాటిని కొంచెం కొంచెం జరుపుతూ ఫొటోలు తీసిండ్రు. ఆ పనిలో లోటె ఉన్నది. జరుపుతూ ఫొటో తీస్తే కర్ర ఎలుక కూడా పరుగెత్తుతదని ఆమె అక్కడ చేసి చూసింది. 1919లో ఆమె స్వంతంగా తన మొదటి చిన్న నీడ బొమ్మల సినిమా తీసింది. 1921లో కార్ల్ కోఖ్ అనే ఆయనను పెండ్లి చేసుకున్నది. ఆయన చివరి దాకా ఆమె పనిలో తోడుగా ఉన్నడు.

బొమ్మ కదిలే రహస్యం

సినిమాలో ఒక సెకనుకు 24 బొమ్మలు మన కండ్ల ముందు నుంచి పోతయి. అందుకే అవి వేరు వేరు బొమ్మలని మనకు తెలువది, కదులుతున్నట్టే కనబడ్తది. ఈ బొమ్మలను చేయడానికి ముఖ్యంగా రెండు దారులు ఉన్నాయి.

మొదటిది గీసే దారి. ప్రతి కదలికకు కొత్త బొమ్మ గీయాలి. చెయ్యి కొంచెం లేస్తే ఒక బొమ్మ, ఇంకొంచెం లేస్తే మరో బొమ్మ. ఇది వాకిట్ల ముగ్గు లాంటిది. నిన్న ఎంత మంచిగ వేసినా ఈ రోజు మళ్ళీ మొదటి నుంచి వేయాల్సిందే.

రెండవది కీళ్ళ బొమ్మ దారి. బొమ్మను ఒకసారి ముక్కలు ముక్కలుగా చేసి కీళ్ళ దగ్గర కలుపుతరు. తర్వాత గీసే పని లేదు, జరిపే పనే. లోటె పట్టుకున్నది ఈ దారిని.

ఆమె నల్ల అట్టతో, పలుచని సీసం రేకుతో తల, మెడ, భుజం, చెయ్యి, నడుము, కాలు వేరువేరుగా కత్తిరించి సన్నని తీగతో కీళ్ళు కట్టేది. గాజు పలక మీద బొమ్మను పండబెట్టి కింద దీపం పెట్టేది. పైన కెమెరా కిందికి చూస్తూ ఉంటది. బొమ్మను ఒక నూలు పోగంత జరుపుట, ఒక ఫొటో తీయుట. మళ్ళీ జరుపుట, మళ్ళీ తీయుట. ఒక్క నిమిషం సినిమాకు 24ను 60తో గుణిస్తే 1440 ఫొటోలు కావాలి. మధ్యలో చెయ్యి తగిలి బొమ్మ కదిలితే ఆ పని చెడిపోతది.

మన దగ్గర కూడా ఈ విద్య ఉన్నది

కీళ్ళ బొమ్మ మన తెలుగువాళ్లకు కొత్త కాదు. మన తోలుబొమ్మలాట అదే కదా! ఆంధ్రప్రదేశ్‌లో ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఉన్నాయి. మేక తోలును శుభ్రం చేసి, వెలుగు కనబడేటంత పలుచగా చేసి, చిన్న చిన్న రంధ్రాలు కొట్టి, రంగులు వేస్తరు. భుజం, మోచెయ్యి దగ్గర దారంతో కడ్తరు. తెల్లని తెర వెనుక దీపం పెట్టి రామాయణం, మహాభారతం ఆడిస్తరు. మధ్యలో బంగారక్క, కేతిగాడు వచ్చి నవ్విస్తరు.

లోటె బొమ్మకు, మన తోలుబొమ్మకు తేడాలు కూడా ఉన్నాయి. ఆమె బొమ్మ పూర్తిగా నలుపు, మన బొమ్మలో రంగులు మెరుస్తయి. మన ఆటలో పాట పాడుతూ అప్పటికప్పుడు ఆడిస్తరు, తెల్లారితే ఆట అయిపోతది. ఆమె ఆట ఫిల్ము మీద నిలిచిపోయింది. కాని బొమ్మకు కీళ్ళు కట్టి, చేతితో నడిపించే తెలివి రెండింటిలో ఒకటే.

పెద్ద సినిమా

1923లో లూయీ హాగెన్ అనే బ్యాంకు యజమాని లోటెను పెద్ద బొమ్మల సినిమా తీయమని అడిగిండు. అప్పుడు జర్మనీలో ధరలు మండిపోతున్నాయి, డబ్బుకు విలువ లేకుండ అయింది. ఆయన డబ్బు ఉంచుకోక ఫిల్ము కొని పెట్టిండు. ఆ ఫిల్మే లోటెకు అక్కరకొచ్చింది. పోట్స్‌డామ్‌లో ఆయన మోటారు షెడ్డు పైన గదిలో పని మొదలైంది. భర్త కోఖ్‌తో పాటు కొద్దిమంది సహాయకులే ఉన్నరు.

మూడేండ్లు కష్టపడ్డరు. సుమారు రెండున్నర లక్షల ఫొటోలు తీసి, అందులో 96 వేల దాకా సినిమాకు వాడుకున్నరు. 1926లో బెర్లిన్‌లో ఆ సినిమా చూపించిండ్రు. పేరు రాకుమారుడు అహ్మద్ సాహసాలు. అరేబియా కథలలోని ఎగిరే గుర్రం, అల్లావుద్దీన్ దీపం అందులో ఉన్నాయి. అది గంటకు పైగా నడుస్తది. ఈనాడు మిగిలి ఉన్న పెద్ద బొమ్మల సినిమాలన్నిటిలో అదే పాతది. అంతకన్న ముందు 1917లో అర్జెంటీనాలో క్రిస్టియానీ అనే ఆయన ఒకటి తీసిండు, కాని అది ఇప్పుడు లేదు.

వాల్ట్ డిస్నీ గారి స్నో వైట్ వచ్చింది 1937లో, అంటే 11 ఏండ్ల తర్వాత. అది గీసిన బొమ్మల సినిమా. దానికి వందల మంది పని చేసిండ్రు. అది కూడా గొప్ప సినిమానే. గీసిన బొమ్మ ముఖం తిప్పుతది, కండ్లల్ల నీళ్ళు తెచ్చుకుంటది, సాగుతది, ముడుచుకుంటది. నీడ బొమ్మకు అవి రావు. ఎక్కువగా పక్క ముఖమే కనబడ్తది. దుఃఖం వస్తే మెడ వంచి, భుజం దించి చూపించాలి. అయినా చూసేవాళ్ళకు దుఃఖం తెలుస్తది. అదే లోటె గొప్పతనం.

ఇంకొక మాట అక్కచెల్లెండ్లు గమనించాలి. ఆ రోజుల్లో డిస్నీ స్టూడియోలో ఆడవాళ్లను ఎక్కువగా వేరేవాళ్ళు గీసిన గీతల మీద సిరా దిద్దే పనికి, రంగు నింపే పనికే పెట్టుకునేవారు. లోటె మాత్రం అంతకు ముందే తన సినిమాకు తానే పెద్ద. మగవాళ్ళు ఆమెకు సహాయకులుగా పని చేసిండ్రు.

కష్టకాలం

1933లో జర్మనీలో హిట్లర్ అధికారంలోకి వచ్చిండు. లోటెకు, కోఖ్‌కు ఆ పాలన ఇష్టం లేదు. వాళ్ళ స్నేహితుల్లో యూదులు చాలామంది ఉన్నరు. దేశం విడిచిపోదామనుకుంటే ఏ దేశమూ ఎప్పటికీ ఉండమని కాగితం ఇయ్యలేదు. ఒక దేశంలో గడువు అయిపోతే ఇంకో దేశానికి, అట్ల కొన్నేండ్లు తిరిగిండ్రు. ఆ తిరుగుడులో కూడా ఆమె కత్తెర వదలలేదు, సినిమాలు తీస్తనే ఉన్నది. యుద్ధ కాలంలో ఇటలీలో ఉండి, చివరికి తల్లికి సేవ చేయడానికి బెర్లిన్‌కు తిరిగి వచ్చింది. యుద్ధంలో అహ్మద్ సినిమా అసలు నెగెటివ్ నాశనమైంది. వేరే చోట్ల కాపీలు ఉండబట్టి ఆ సినిమా ఈనాడు మనకు మిగిలింది. లేకపోతే మూడేండ్ల కష్టం పేరుకే మిగిలేది.

1949లో వాళ్ళు లండన్ పోయిండ్రు. అక్కడ హాగెన్ గారి కొడుకుతో కలిసి టీవీ కోసం పిల్లల కథలెన్నో తీసింది. 1963లో భర్త చనిపోయినంక ఆమె సినిమా పని చాలా ఏండ్లు ఆగిపోయింది. తర్వాత మళ్ళీ లేచింది. 1970లో నీడల ఆటల గురించి పుస్తకం వచ్చింది. 1975లో కెనడా వాళ్ళ కోసం సినిమా తీసేనాటికి ఆమెకు 75 ఏండ్లు దాటినయి. 1981 జూన్ 19న జర్మనీలో కన్ను మూసింది.

మనం తెలుసుకోవలసింది

ఈ రోజుల్లో చాలా టీవీ బొమ్మలను కంప్యూటర్‌లో చేస్తున్నరు. అక్కడ కూడా బొమ్మను ముక్కలుగా చేసి, కీళ్ళు పెట్టి, జరిపే పద్ధతి ఉన్నది. అంటే తోలుబొమ్మవాళ్ళ తెలివి, లోటె తెలివి పాతబడలేదు. కాని సినిమాలు, టీవీలు వచ్చినంక తోలుబొమ్మలాట చూసేవాళ్ళు తగ్గిపోయిండ్రు. అందుకని ఆ కుటుంబాలు ఇప్పుడు తోలు మీద దీపాల గొడుగులు, గోడ బొమ్మలు చేసి అమ్ముకుంటున్నరు. బొమ్మ మిగులుతున్నది, ఆట పోతున్నది. లోటె సినిమాకు కాపీలు దొరికినయి. మనిషి గొంతుకు, చేతి నేర్పుకు కాపీ ఉండదు. పెద్దవాళ్ళ దగ్గర పిల్లలు నేర్చుకుంటేనే అది ఉంటది. మన గూడేలల్ల ముసలమ్మలకు వచ్చిన కథలు, ఆటలు కూడా అంతే.

ఈ పెర్కిట్‌లో నల్ల చార్టు, దారం, ఒక కత్తెర కొనుడు పెద్ద ఖర్చు కాదు. తెల్ల దుప్పటి, టార్చిలైటు హాస్టల్‌లోనే ఉన్నాయి. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్కొక్కరం ఒక్కొక్క కథ అడిగి తెలుసుకొని వద్దాం. వచ్చినంక బొమ్మలు కత్తిరించి, కీళ్ళు కట్టి ఆడిద్దాం. ఓపిక ఒక్కటి మాత్రం బజారుల దొరకదు, అది లోటె దగ్గర నేర్చుకోవాలి.

— 9వ తరగతి విద్యార్థిని