రాయలవారి వేకువ సాము

పెన్నానది ఒడ్డున ఉన్న రొద్దమునకు పొరుగుననే పెనుకొండ ఉన్నది. విజయనగర ప్రభువులకు అది రెండవ రాజధాని. 1565లో రాక్షసితంగడి యుద్ధము ముగిసి విజయనగరము పాడుపడిన పిమ్మట రాజ్యలక్ష్మి ఆశ్రయించినది ఈ కొండనే. కనుక ఈ సీమ విద్యార్థులకు శ్రీకృష్ణదేవరాయలు పరాయి ప్రభువు కారు. ఆయన కవితను గూర్చి, దిగ్విజయములను గూర్చి బడిలో చదువుకొంటారు. అయితే ఆ విజయములను మోసిన దేహమును ఆయన ఏ విధముగా తీర్చుకొన్నారో కూడ తెలుసుకొనదగినదే.

రాయలు తుళువ నరసనాయకునికి, నాగలాంబకు జన్మించినారు. అన్నయైన వీరనరసింహరాయల అనంతరము 1509లో సింహాసనము నధిష్ఠించినారు. అది మొదలు ఇరువది సంవత్సరములు రాజ్యమేలినారు. 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు ఆయన వశమైనవి. ఒకవైపు కత్తి పట్టిన ఆ చేతనే గంటము పట్టి ఆముక్తమాల్యదను రచించినారు.

1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాయలను స్వయముగా చూచి వ్రాసినాడు. రాయలు మధ్యరకపు ఎత్తు, మంచి ఛాయ, కొంచెము స్థూలమైన శరీరము కలవారట. ముఖమున మశూచి మచ్చలు ఉండెడివట. శిల్పి చెక్కిన వీరవిగ్రహము వంటి ఆకారము కాదన్నమాట. బలము చూపులకు తెలియునది కాదు, పనిలో తెలియునది.

రాయల దినచర్య తెల్లవారకముందే ఆరంభమయ్యేది. నువ్వులనూనె కొంత త్రాగి, ఒళ్ళంతయు నూనె పట్టించుకొని, నడుమున చిన్న గుడ్డ కట్టి, మట్టితో చేసిన పెద్ద బరువులను చేతులతో ఎత్తేవారు. పిదప కత్తి చేతబట్టి, పట్టించిన నూనె చెమటతో దిగిపోవువరకు సాము చేసేవారు. తరువాత ఒక జెట్టితో కుస్తీ పట్టేవారు. చివరకు గుఱ్ఱమెక్కి, తూర్పు తెల్లవారువరకు మైదానమున స్వారి చేసేవారు. స్నానము, దైవదర్శనము, రాజకార్యములు ఆ తరువాతనే. సింహాసనమెక్కి పది సంవత్సరములు దాటినను ఆయన ఈ సామును మానలేదు.

ఈ నాలుగు పనులును ఒకటే వ్యాయామమువలె కనిపించవచ్చును. కండరమునకు మాత్రము అవి నాలుగు వేరువేరు ప్రశ్నలు. ప్రశ్ననుబట్టి అది బదులు చెప్పును.

పెద్ద బరువు ఎత్తునప్పుడు మొదట నేర్చుకొనునవి నాడులు. ఒకేసారి ఎక్కువ కండరపు పోగులను పనిలోనికి పిలుచుట వాటికి అలవాటగును. అందుచేతనే క్రొత్తగా సాము మొదలుపెట్టిన బాలునికి కండ పెరుగకముందే బలము పెరిగినట్లు తోచును. వారములు, మాసములు గడచిన కొలది, ఆహారములోని మాంసకృత్తులతో పోగులు లావెక్కును. తేలిక బరువునైనను కండ అలసిపోవువరకు మరల మరల ఎత్తినచో కండ పెరుగును. కాని మిక్కిలి పెద్ద భారమును ఒక్కమారు లేవనెత్తు శక్తి, పెద్ద భారములతో చేసిన సాధన వలననే బాగుగా అలవడును.

కత్తి అంత బరువైన వస్తువు కాదు. దానిని వందలమార్లు త్రిప్పుటలో కావలసినది ఓర్పు. ఇట్టి సాధన వలన కండలో సన్నని రక్తనాళములు, శక్తిని పుట్టించు మైటోకాండ్రియా అను సూక్ష్మాంగములు వృద్ధి పొందును. కుస్తీ తీరు మరొకటి. మట్టి బరువు ఎత్తినంతసేపు అట్లే ఉండును, జెట్టి ఉండడు. అతడు త్రోయును, లాగును, తప్పుకొనును. పట్టు బిగించి కదలక నిలుచుట, ఎదిరి బలమునుబట్టి క్షణములో తన బలమును మార్చుట అచ్చటనే నేర్వవలెను. స్వారిలో తొడలు, నడుము చాలసేపు బిగువు సడలక శరీరమును నిలుపవలెను. ఇక నూనె త్రాగుట ఆ కాలపు ఆచారము. రాయల కండను పెంచినది సాము గాని నూనె కాదు.

ఈ సాధనకు పరీక్ష 1520 మే మాసమున రాయచూరు వద్ద వచ్చినది. బీజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్‌షా ఫిరంగులు గర్జించగా రాయల ముందువరుస చెదరి వెనుకకు మరలినది. అప్పుడు రాయలు స్వయముగా గుఱ్ఱమెక్కి, రెండవ వరుసను నడిపించి, శత్రువును నదివరకు తరిమినారని న్యూనిజ్ అను పోర్చుగీసు వర్తకుడు వ్రాసినాడు. ఆనాడు ఆయన క్రొత్తగా నేర్చినదేమియు లేదు. ప్రతి వేకువను చేసినదే ఆపదవేళ చేసినారు.

కాని దేహము అభ్యసించినదానినే ఇచ్చును, అభ్యసించనిదానిని ఇవ్వజాలదు. రాయలు న్యాయశీలురే అయినను ఆయనకు హఠాత్తుగా ఆగ్రహము వచ్చేదని పేస్ వ్రాసినాడు. 1524 ప్రాంతమున చిన్నవాడైన కుమారుడు తిరుమలరాయడు మరణించగా, విషప్రయోగమను అనుమానము తండ్రివలె పెంచిన మహామంత్రి తిమ్మరుసుపై పడినది. న్యూనిజ్ వ్రాతననుసరించి రాయలు ఆ వృద్ధుని కన్నులు తీయించినారు. జెట్టిని పడగొట్టిన చేతులు ఆ ఒక్క అనుమానమును పడగొట్టలేకపోయినవి. తిమ్మరుసు సమాధి అని చెప్పుకొను కట్టడమును పెనుకొండలో నేటికిని చూపుతారు. 1529లో రాయలు కన్నుమూసినారు.

కండ బలము ఒకమారు సంపాదించి దాచుకొను ధనము కాదు. సాధన మానిన కొలది వారములలో ఓర్పు తగ్గును, నెమ్మదిగా బలమును తరుగును. సార్వభౌముడైనను రాయలు ప్రతిదినము దానిని మరల సంపాదించుకొనవలసి వచ్చినది. ఆటస్థలమున దండీలు, బస్కీలు తీయు విద్యార్థికిని ఇదే నియమము. ఇక కోపమును నిలువరించుటకు, అనుమానమును విచారించుటకు కావలసిన సాధన వేరు. దానికిని ప్రతిదినము ఒక వేకువ కావలెను.